కొనేసిన గ్రైండర్ ఇంకా వెంటపడుతోందెందుకు?

ఇంటర్నెట్‌లో కనిపించే ప్రకటనల గురించి, వాటిని అడ్డుకునే యాడ్ బ్లాకర్ల గురించి కొంతకాలంగా పాఠకుల నుంచి ఉత్తరాలు, ఈమెయిళ్లు వస్తున్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వాటిని కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాము. ప్రశ్నలు పంపినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నెల క్రితం ఆన్‌లైన్ దుకాణంలో టేబుల్ టాప్ గ్రైండర్ల ధరలు చూశాను. చివరికి మా ఊరి షాపులోనే బేరమాడి, డబ్బులిచ్చి తెచ్చుకున్నాము. అయినా వార్తలు చదువుతున్నా, వంటల పేజీ తెరిచినా అదే గ్రైండర్ ఎదురవుతోంది. పైగా ఇప్పుడు మావారి ఫోనులోనూ మొదలైంది. ఆయన గ్రైండర్ల జోలికే వెళ్లలేదు. నేను చూసిన సంగతి ఇంతమందికి ఎలా తెలిసింది?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: మీరు ఆ దుకాణం పేజీ తెరిచినప్పుడు దానిలో దుకాణం సొంత సరంజామాతో పాటు ప్రకటనల సంస్థలకు చెందిన చిన్న కోడ్ ముక్కలు కూడా మీ ఫోనులోకి వచ్చాయి. కంటికి కనబడని ఆ ముక్కలు మీ బ్రౌజరుకు ఒక సంఖ్యను తగిలించి, ‘ఈ సంఖ్య గలవారు ఫలానా గ్రైండర్ చూశారు, కొనకుండా వెళ్లిపోయారు’ అని తమ దగ్గర రాసుకున్నాయి. ఈ సంఖ్య సాధారణంగా కుకీ అనే చిన్న ఫైలులో ఉంటుంది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన లూ మాంటుల్లీ కుకీని రూపొందించిన ఉద్దేశం చాలా చిన్నది: ఒక వెబ్‌సైటు తన దగ్గరకు మళ్లీ వచ్చిన వ్యక్తిని గుర్తుపట్టాలి, బుట్టలో వేసుకున్న సరుకు పేజీ మారగానే మాయం కాకూడదు. అయితే ఒకే ప్రకటనల సంస్థ వేల వెబ్‌సైట్లలో తన కోడ్‌ను ఉంచగలిగితే, ఆ వేల చోట్లా తిరిగే మనిషి ఒక్కరేనని దానికి తెలిసిపోతుందన్న కిటుకును వ్యాపారులు త్వరలోనే పసిగట్టారు. ఆ విద్యలో ఆరితేరిన డబుల్‌క్లిక్ అనే సంస్థను గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2007లో ప్రకటించి, మరుసటి ఏడాది తనలో కలుపుకుంది.

ఇక మీరు వార్తల పేజీ తెరిచిన క్షణంలో ఏం జరుగుతుందో చూద్దాం. పేజీలో ప్రకటన కోసం ఖాళీగా వదిలిన జాగా ఒకటి ఉంటుంది. పేజీ పూర్తిగా తెరుచుకునే లోపే ఆ జాగా వేలానికి వెళుతుంది. మీ సంఖ్య, మీ ఫోను మోడల్, మీరు ఉన్న ప్రాంతం, మీరు చదువుతున్న పేజీ చిరునామా వంటి వివరాలతో కూడిన అభ్యర్థన వేలం నిర్వహించే సంస్థ నుంచి అనేక కొనుగోలుదారులకు ఒకేసారి చేరుతుంది. వారి కంప్యూటర్లు మీ సంఖ్యను తమ జాబితాతో సరిచూసుకుని ధర చెబుతాయి, ఎక్కువ చెప్పినవారి బొమ్మ మీ తెరపైకి వస్తుంది. ఇదంతా దాదాపు సెకనులో పదో వంతులో ముగుస్తుంది. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. వేలంలో గెలిచేది ఒక్కరే అయినా, మీ వివరాలు ఓడినవారందరికీ కూడా అందాయి. మా దృష్టిలో ఈ వ్యవహారంలో అభ్యంతరం చెప్పవలసింది ప్రకటన కనబడడానికి కాదు, ఈ పంపకానికి.

గ్రైండర్ కొన్న తరువాత కూడా ప్రకటన ఆగకపోవడానికి కారణం సులభమే. మీ ఊరి షాపులో మీరు ఇచ్చిన నోట్ల సంగతి ఆ జాబితాకు చేరలేదు, దాని లెక్కలో మీరు ఇంకా మనసు తేల్చుకోని కొనుగోలుదారే. ఇంత యంత్రాంగం ఉండి, కొత్తగా గ్రైండర్ కొన్న ఇంటికి మినప్పప్పు అమ్మజూపాలన్న ఆలోచన దానికి రాకపోవడం విచిత్రమే. మీవారి ఫోను విషయానికి వస్తే, రెండు ఫోన్లూ ఒకే వైఫైకి కలిసినప్పుడు బయటి ప్రపంచానికి రెండింటి ఐపీ చిరునామా ఒకటిగానే కనబడుతుంది కనుక ప్రకటనల సంస్థలు వాటిని ఒకే ఇంటివిగా లెక్కవేస్తాయి. రెండు ఫోన్లలో ఒకే గూగుల్ ఖాతా ఉంటే ఆ ఊహ కూడా అక్కరలేదు. ప్రకటన మూలలో ఉండే గుర్తును నొక్కి ఆ ఒక్కదాన్ని ఆపించవచ్చు. గూగుల్ ఖాతాలోని ‘మై యాడ్ సెంటర్’లోకి వెళ్లి వ్యక్తిగత అభిరుచిని బట్టి ప్రకటనలు చూపవద్దని చెప్పవచ్చు. అప్పుడు ప్రకటనల సంఖ్య తగ్గదు, గ్రైండర్ స్థానంలో మీతో సంబంధం లేని వస్తువు వస్తుంది.

ప్రశ్న: మా హాస్టల్ గదిలో ముగ్గురం గోవా వెళ్దామని మాట్లాడుకున్నాము. ఎవరమూ ఏమీ వెతకలేదు. సాయంత్రానికి నా ఫోనులో గోవా హోటళ్ల ప్రకటన వచ్చింది. ఫోను మన మాటలు వింటోందన్నది నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఈ అనుమానాన్ని అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించగా, మైకును రహస్యంగా తెరిచి మాటలను బయటికి పంపుతున్న ఆధారం వారికి దొరకలేదు. కానీ వెతకనిది మరొకటి బయటపడింది. కొన్ని యాప్‌లు వినియోగదారు తెరపై చేస్తున్న పనిని చిత్రాలుగానో వీడియోగానో తీసి ఇతర సంస్థలకు పంపుతున్నాయి.

మీ విషయంలో మైకు అవసరం కూడా లేదు. ‘ఎవరమూ వెతకలేదు’ అంటున్నారు గానీ, మిగిలిన ఇద్దరిలో ఒకరు మీకు చెప్పకుండా రైలు వేళలు చూసి ఉండవచ్చు. ఒకే వైఫై, ఒకే చోటు, ఒకరి ఫోనులో ఒకరి నంబర్లు ఉన్న ముగ్గురిని ఒక గుంపుగా గుర్తించడం ప్రకటనల యంత్రాంగానికి చాలా తేలిక. మీ వయసువారికి సెలవుల ముందు గోవా హోటళ్లు చూపించడానికి గూఢచర్యమూ అక్కరలేదు. ఆ రోజు మీకు కనబడిన మిగతా ప్రకటనల్లో ఒక్కటైనా గుర్తుందేమో ఆలోచించండి. అయినా అనుమానం తీరకపోతే, ఆండ్రాయిడ్ 12 మొదలుకొని ఏ యాప్ మైకు వాడుతున్నా తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, ఐఫోనులో నారింజ రంగు చుక్క కనబడుతుంది. అవసరం లేని యాప్‌లకు మైకు అనుమతి తీసివేయండి.

ప్రశ్న: బ్రౌజరులోని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్) కిటికీలో వెతికితే ఎవరికీ తెలియదంటారు. అది చాలదా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: చాలదు. అది మీరు చూసిన పేజీల చరిత్రను మీ ఫోను తరువాత పట్టుకునేవారి నుంచి దాచుతుంది, మీరు వెళ్లిన వెబ్‌సైటు నుంచి కాదు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడూ తమ సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో దాఖలైన దావాలో, వందల కోట్ల రికార్డులను తొలగించడానికి గూగుల్ 2024లో అంగీకరించింది.

ప్రశ్న: నేను విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని. యాడ్ బ్లాకర్ పెట్టుకోమని మా అబ్బాయి అంటున్నాడు. బయటివారి ప్రోగ్రామును బ్రౌజరులోకి రానిస్తే నెట్ బ్యాంకింగుకు ప్రమాదం కాదా? అసలు అది ఎలా పనిచేస్తుంది? ఏది నమ్మదగినది?
– రాజమహేంద్రవరం

జవాబు: మీ భయంలో సగం సరైనది, దాని సంగతి తరువాత చెబుతాము. ముందు పనితీరు. 2002లో హెన్రిక్ ఓస్టెడ్ సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ విద్యార్థి తరువాతి కాలంలో ఫైర్‌ఫాక్స్‌గా మారిన బ్రౌజరు కోసం మొదటి ‘యాడ్‌బ్లాక్’ రాశారు. 2006లో వ్లాదిమిర్ పాలంట్ దాన్ని తిరగరాసి యాడ్‌బ్లాక్ ప్లస్‌గా తెచ్చారు. ఈ ప్రోగ్రాములకు ప్రాణం వాటిలోని జాబితా. అందులో ‘ఈజీలిస్ట్’ ప్రసిద్ధమైనది, స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని నిత్యం సవరిస్తుంటారు. ఆ జాబితాను తెరిచి చూస్తే వేల వరుసలు కనబడతాయి. ఒక వరుసలో రెండు నిలువు గీతలు, వాటి పక్కన ఒక ప్రకటనల సంస్థ చిరునామా, చివర టోపీ వంటి గుర్తు ఉంటాయి. ఆ చిరునామాకు ఏ పేజీ కబురు పంపబోయినా ఆపివేయమని దాని అర్థం. మరో వరుసలో రెండు హ్యాష్ గుర్తులు, తరువాత ఒక పెట్టె పేరు ఉంటాయి. ఆ పెట్టె పేజీలో ఉంటే కనబడనీయవద్దని దాని అర్థం. ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటి పద్ధతిలో కబురే వెళ్లదు కాబట్టి పైన చెప్పిన వేలం మీ విషయంలో మొదలే కాదు, డేటా ఖర్చు కాదు, పేజీ త్వరగా తెరుచుకుంటుంది. రెండోది కంటికి మాత్రమే విశ్రాంతి.

భద్రత మాటకు వస్తే, ప్రకటనల ద్వారానే దొంగ ప్రోగ్రాములు చొరబడిన ఉదంతాలు ఉన్నాయి. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ వంటి పేరున్న వెబ్‌సైట్లలో ప్రకటనల వ్యవస్థ ద్వారా వచ్చిన విషపు ప్రకటనలు, చదివేవారి కంప్యూటర్లలోకి సొమ్ము గుంజే ప్రోగ్రాములను దించే ప్రయత్నం చేశాయి. ఆ పత్రికల సొంత పేజీల్లో దోషం లేదు, వారు అద్దెకిచ్చిన జాగాలోకి ఎవరు వచ్చారో వారికే తెలియలేదు. 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, వెతుకులాట ఫలితాల్లో అసలు సంస్థల పేరిట నకిలీ ప్రకటనలు పెట్టి మోసగిస్తున్నారని హెచ్చరిస్తూ, యాడ్ బ్లాకర్ వాడుకోవడాన్ని జాగ్రత్తలలో ఒకటిగా సూచించింది. మన దగ్గర బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, పైన వచ్చిన నకిలీ నంబరుకు ఫోన్ చేసి ఖాతా ఖాళీ చేసుకున్నవారి కథ బ్యాంకులో పనిచేసిన మీకు కొత్త కాదు. నంబరును ఎప్పుడూ పాసుబుక్కు నుంచో, కార్డు వెనుక నుంచో తీసుకోండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు మీ భయంలోని నిజం. బ్లాకర్ తన పని చేయాలంటే మీరు తెరిచే ప్రతి పేజీని చదివే అనుమతి దానికి ఇవ్వాలి. ఆ అనుమతి దుర్మార్గుడి చేతికి వెళితే బ్యాంకు పేజీ కూడా వెళ్లినట్టే. క్రోమ్ స్టోరులో ప్రసిద్ధ బ్లాకర్ల పేర్లను పోలిన నకిలీలను రెండు కోట్ల మంది దించుకున్నారని బ్లాకర్లు తయారుచేసే ఆడ్‌గార్డ్ సంస్థ 2018లో బయటపెట్టింది. అందుచేత బ్లాకర్ ఒకటే ఉండాలి, పేరు అక్షరం తప్పకుండా చూసుకోవాలి. మా ఎంపిక యూబ్లాక్ ఆరిజిన్. కెనడాకు చెందిన రేమండ్ హిల్ దీన్ని రాస్తున్నారు, కోడ్ ఎవరైనా పరిశీలించవచ్చు, ఆయన విరాళాలు సైతం అడగరు. యాడ్‌బ్లాక్ ప్లస్ తీరు వేరు. 2011 నుంచి అది ‘ఆమోదయోగ్యమైన ప్రకటనలు’ అనే పథకం నడుపుతూ, తన నియమాలకు లోబడిన ప్రకటనలను రానిస్తుంది, పెద్ద సంస్థల నుంచి అందుకు రుసుము తీసుకుంటుంది. ఆ పథకాన్ని సెట్టింగుల్లో ఆపుకోవచ్చు గానీ, కాపలాకు పెట్టుకున్నవారు లోపలికి రావాలనుకునేవారి దగ్గరే జీతం తీసుకోవడం మాకు రుచించదు.

క్రోమ్ వాడేవారు మరో సంగతి తెలుసుకోవాలి. గూగుల్ తన ఎక్స్‌టెన్షన్ల (బ్లాకర్ వంటి, బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాముల) నిబంధనలను మార్చి, పాత పద్ధతిలో పనిచేసేవాటిని 2024 నుంచి దశలవారీగా ఆపుతూ వచ్చింది. ప్రతి కబురునూ బ్లాకర్ స్వయంగా పరిశీలించి నిర్ణయించే పాత స్వేచ్ఛ పోయి, ముందుగానే ఇచ్చిన జాబితా ప్రకారం బ్రౌజరే ఆపే పద్ధతి వచ్చింది. భద్రత కోసం, వేగం కోసం అని గూగుల్ వివరణ. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ప్రకటనల నుంచే వస్తుందన్న సంగతి పక్కన పెట్టుకుని ఆ వివరణను చదవడం మంచిది. ఇప్పుడు క్రోమ్‌లో దొరికేది యూబ్లాక్ ఆరిజిన్ లైట్, సాధారణ వాడకానికి అది సరిపోతుంది. పూర్తి రూపం కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కు మారాలి. నెట్ బ్యాంకింగుకు ఏ ఎక్స్‌టెన్షనూ లేని బ్రౌజరును విడిగా ఉంచుకుంటే మీకు నిశ్చింతగా ఉంటుంది.

ప్రశ్న: బ్లాకర్ పెట్టాక యూట్యూబ్ వీడియో ఆపేసి, తీసేయమంటోంది. ఏం చేయాలి?
– ఒంగోలు

జవాబు: బ్లాకర్లు తమ నిబంధనలకు విరుద్ధమని యూట్యూబ్ చెబుతోంది, 2023 నుంచి పట్టు బిగించింది. కొత్త ఉపాయం కనిపెట్టడం, వారు దాన్ని మూసివేయడం నిరంతరం సాగుతున్నాయి. ఇష్టపడి రోజూ చూసే చానెళ్లు ఉంటే చందా కట్టడమో ప్రకటన భరించడమో మేలని మా అభిప్రాయం, ఎందుకంటే ఆ రెండింటిలోనూ వీడియో తీసినవారికి వాటా వెళుతుంది.

ప్రశ్న: నేను తెలుగులో చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. సాహిత్యం, స్థానిక చరిత్ర మా విషయాలు. చందా అడిగితే ఎవరూ ఇవ్వరు, ప్రకటనలు పెడితే బ్లాకర్ పెడతారు. మీవంటి పత్రికలు కూడా బ్లాకర్లను ప్రోత్సహిస్తే మాలాంటివారు ఏమైపోవాలి?
– వెబ్‌సైటు నిర్వాహకుడు, విజయవాడ

జవాబు: ఈ ప్రశ్నకు సులువైన సమాధానం లేదు. ప్రకటనల ఆదాయం లేకుండా ఈ పత్రిక కూడా నడవదు కనుక మీ బాధ మాకు దూరపు విషయం కాదు. తెలుగు వెబ్‌సైట్ల పరిస్థితి మరీ ఆలస్యంగా మెరుగుపడింది. వెబ్‌సైట్లలో ప్రకటనలు పెట్టి నిర్వాహకులకు వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైతే, హిందీ, బెంగాలీ, తమిళాల తరువాత తెలుగుకు చోటు దొరికింది 2018లో. అప్పటిదాకా తెలుగులో రాసేవారు ఆ ఆదాయానికి నోచుకోలేదు. గూగుల్ చెప్పే లెక్క ప్రకారం, ప్రకటనదారు దాని సొంత వ్యవస్థ ద్వారా కొన్నప్పుడు పెట్టిన సొమ్ములో సుమారు 68 శాతం వెబ్‌సైటుకు చేరుతుంది. మధ్యలో ఇతర దళారీలు ఉన్నప్పుడు ఎవరు ఎంత తీసుకున్నారో చిన్న ప్రచురణకర్తకు తెలిసే దారి లేదు. వెబ్‌సైట్లు ప్రకటనల జాగా అమ్ముకునే సాధనాల విషయంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం సాగించిందని 2025 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా తీర్పు ఇచ్చారు. అంటే మీకు రావలసిన రూపాయిని తగ్గించినవారిలో పాఠకుడి బ్లాకర్ మొదటిది కాదు.

మన దేశంలో బ్లాకర్ల చరిత్ర కూడా వేరు. 2016 మేలో పేజ్‌ఫెయిర్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం భారత్‌లో 12 కోట్ల మందికి పైగా ప్రకటనలను అడ్డుకునే బ్రౌజర్లను ఫోన్లలో వాడుతున్నారు, చైనా తరువాత స్థానం మనదే. అందులో ఎక్కువమంది గోప్యత గురించి ఆలోచించి పెట్టుకున్నవారని మేము అనుకోవడం లేదు. జియో ఇంకా మార్కెట్లోకి రాలేదు, డేటా ఎంబీల లెక్కన ఖర్చయ్యేది, యూసీ బ్రౌజరు ప్రకటనలను తీసివేసి పేజీని కుదించి ఇచ్చేది. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఆ బ్రౌజరు కూడా పోయింది. డేటా చౌక అయింది. ఇప్పుడు బ్లాకర్ పెట్టుకునేవారు ఎందుకు పెట్టుకుంటున్నారో తెలియాలంటే, ఏదైనా తెలుగు వార్తల పేజీని ఫోనులో తెరిచి చూడండి: పైన ఒక పట్టీ, కింద కదలకుండా అతుక్కున్న మరో పట్టీ, నాలుగు వాక్యాలకు ఒక బొమ్మ, దానంతట అదే మోగే వీడియో, మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కునే లోపు వేలు ప్రకటన మీద పడడం. అలాంటి పేజీ పాఠకుడిని పోగొట్టుకుంటే దానికి జాలిపడలేము.

మీరు చేయగలిగింది ఉంది. సాహిత్యం, స్థానిక చరిత్ర చదివేవారు ఎవరో మీకు ముందే తెలుసు, దానికి వేలమూ నిఘా అక్కరలేదు. పుస్తకాల దుకాణం, ప్రచురణ సంస్థ, చేనేత సహకార సంఘం, మీ ఊరి స్వీట్ల దుకాణం వంటివారితో నేరుగా మాట్లాడి, నెలకు ఇంత అని కుదుర్చుకుని, ఆ బొమ్మను మీ సొంత సర్వరు నుంచే చూపండి. పత్రికలో ప్రకటన వేసినంత సాదాగా ఉన్న అలాంటి బొమ్మ చాలావరకు బ్లాకర్ల జాబితాలకు చిక్కదు, ఎందుకంటే అది మూడో సంస్థకు కబురు పంపదు. ఇది ఊహాగానం కాదు. ఐరోపాలో 2018 నాటి డేటా రక్షణ నిబంధనల తరువాత న్యూయార్క్ టైమ్స్ అక్కడి పాఠకులకు నిఘా ఆధారిత ప్రకటనలు ఆపివేసినా ఆదాయం పడిపోలేదు. నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రసార సంస్థ ప్రకటనల విభాగం 2020లో అటువంటి ప్రకటనలను పూర్తిగా వదిలేసి, చదువుతున్న విషయాన్ని బట్టి మాత్రమే ప్రకటనలు చూపితే, ఆదాయం మొదటి నెలల్లో పెరిగింది. అవి పేరున్న సంస్థలు, బేరమాడే శక్తి ఉన్నవి, కనుక అదే ఫలితం మీకు వస్తుందని హామీ ఇవ్వలేము. అయితే మీ పేజీకి నెలకు వచ్చే యాడ్‌సెన్స్ సొమ్మును ఒక స్థానిక వ్యాపారి ఇవ్వగల సొమ్ముతో పోల్చి చూసుకోండి, చాలా చిన్న వెబ్‌సైట్లకు రెండోదే మెరుగ్గా ఉంటుందని మా అంచనా.

పాఠకులకు కూడా ఒక మాట. బ్లాకర్‌లో నమ్మకమున్న వెబ్‌సైటును మినహాయించే మీట ఉంటుంది. తరచూ చదివే చిన్న తెలుగు వెబ్‌సైటు పద్ధతిగా ఉంటే దాన్ని మినహాయించండి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ట్యాబ్‌లో పాఠాలు చూస్తుంటే బొమ్మల ప్రకటనలు వెంటాడుతున్నాయి. పిల్లలకు ఇలా చూపకూడదని చట్టం వచ్చిందన్నారు, నిజమేనా?
– మియాపూర్, హైదరాబాద్

జవాబు: నిజమే, కానీ ఫలితం ఇంకా మీ చేతికి రాలేదు. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారిని బాలలుగా పరిగణిస్తుంది. వారి కదలికలను గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని తొమ్మిదో సెక్షను నిషేధించింది. బాలల విషయంలో బాధ్యత తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ముఖ్యమైన నిబంధనల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఈలోగా ట్యాబ్‌లో మీ ఖాతా తీసివేసి, పాప అసలు వయసుతో, మీ పర్యవేక్షణలో ఉండే ఖాతా తెరవండి. పెద్దల ఖాతాలో ఉన్నంతకాలం ఆ సంస్థల లెక్కలో పాఠాలు చూస్తున్నది మీరే.

ప్రశ్న: జర్మనీలో ఏ వెబ్‌సైటు తెరిచినా కుకీలకు అనుమతి అడుగుతారు. ఇండియా వచ్చినప్పుడు చాలా సైట్లు అడగనే అడగవు. ఇక్కడ బ్లాకర్ల మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. మన దేశంలో బ్లాకర్ వాడడం తప్పు కాదు కదా?
– ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు

జవాబు: తప్పు కాదు, దాన్ని నిషేధించే చట్టం మన దేశంలో లేదు. మీరు చెప్పిన కేసు యాక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద పత్రికా సంస్థ, యాడ్‌బ్లాక్ ప్లస్‌ను నడిపే అయియో మీద వేసినది. బ్లాకర్ అందించడం అన్యాయమైన పోటీ కిందికి రాదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 ఏప్రిల్‌లో తేల్చింది. తరువాత అదే సంస్థ, పేజీ కోడ్‌ను మార్చడం కాపీరైట్ ఉల్లంఘన అన్న కొత్త వాదనతో వెళ్లగా, 2025 జులైలో ఆ అంశాన్ని కింది కోర్టు మళ్లీ పరిశీలించాలని అదే న్యాయస్థానం పంపింది. కాబట్టి అక్కడ కథ ఇంకా ముగియలేదు.

అనుమతి అడిగే పెట్టెల వల్ల ఐరోపావారు సుఖపడ్డారని మేము చెప్పలేము. ముందే టిక్కు పెట్టిన గడి అనుమతి కాదని ఐరోపా న్యాయస్థానం 2019లో చెప్పవలసి వచ్చింది. 2023 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అక్కడ ‘నెలకు డబ్బు కట్టండి, లేదా నిఘాకు ఒప్పుకోండి’ అన్న పద్ధతి పెట్టగా, 2025 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. దీనికన్నా ఆపిల్ 2021లో ఐఫోనులో పెట్టిన ఒక్క ప్రశ్న, ‘ఈ యాప్ మిమ్మల్ని ఇతర చోట్ల కూడా అనుసరించవచ్చా?’ అన్నది, ఎక్కువ పని చేసింది. దానివల్ల 2022లో తమ ఆదాయానికి దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల గండి పడుతుందని మెటాయే అంచనా వేసుకుంది. అడిగితే జనం వద్దనే అంటారని దీన్నిబట్టి తెలుస్తోంది.

ప్రశ్న: సంక్రాంతికి ఊరు వెళుతున్నాను. నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోనులో ‘వైరస్ ఉంది’, ‘లాటరీ తగిలింది’ వంటి ప్రకటనలు నోటిఫికేషన్లుగా వస్తూనే ఉంటాయి. ఆయనకు ఇవన్నీ వివరించలేను. నేనున్న రెండు రోజుల్లో ఏం సరిచేయగలను?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: అరగంట పని. ఆ నోటిఫికేషన్లు ఎక్కువగా, ఏదో వెబ్‌సైటు అడిగినప్పుడు నాన్నగారు ‘అలో’ నొక్కడం వల్ల వచ్చినవే అయి ఉంటాయి. క్రోమ్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి తెలియని చిరునామాలన్నిటినీ తీసివేసి, ఇకపై ఎవరూ అడగకుండా ఆ మీటను ఆపండి. తరువాత ఫోను ‘శుభ్రం’ చేస్తామనే యాప్‌లు, ఆయన వాడని టార్చిలైటు, వాల్‌పేపర్ యాప్‌లు తొలగించండి. సెట్టింగుల్లో గూగుల్ విభాగంలోని యాడ్స్‌లోకి వెళ్లి ప్రకటనల ఐడీని డిలీట్ చేయండి. యాప్‌లు ఆయనను గుర్తుపట్టే సంఖ్య అదే. ఆండ్రాయిడ్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను రానివ్వదు కనుక, ఆయన వార్తలు చదివే పనికి ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి, దాన్నే మొదటి తెరపై ఉంచండి.

చివరిగా నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ అనే అంశం ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది. వెబ్‌సైటు పేరును బట్టి దాని సంఖ్యా చిరునామాను వెతికిపెట్టే సేవ డీఎన్ఎస్. అక్కడ ప్రకటనలను వడకట్టే సేవ చిరునామా, ఉదాహరణకు ఆడ్‌గార్డ్ వారిది, రాస్తే యాప్‌ల లోపలి ప్రకటనలు కూడా చాలా మటుకు ఆగుతాయి. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం ఆగవు, అవి వీడియో వచ్చే చోటు నుంచే వస్తాయి. ఇది పెట్టాక మీరు బయలుదేరే ముందే ఆయన చేత బ్యాంకు యాప్, యూపీఐ, గ్యాస్ బుకింగ్ ఒకసారి చేయించి చూడండి. ఏదైనా మొరాయిస్తే ప్రైవేట్ డీఎన్ఎస్‌ను మళ్లీ ‘ఆటోమేటిక్’కు మార్చి, మిగతా సవరణలను అలాగే వదిలేయండి.